చూస్తే ఎవరిస్తరు సార్?

నా కారు ఇంజను ఎందుకు వేడెక్కుతోందో తెలుసుకోడానికి అయిదు వారాలు, అయిదుగురు మనుషులు, 11,380 రూపాయలు పట్టాయి. అసలు జబ్బుకి మందు ఖరీదు 2,600. మిగతాదంతా ట్యూషన్ ఫీజు అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఊరుకోబుద్ధి కావట్లేదు. ఎందుకంటే ఆ అయిదుగురిలో జబ్బు కనిపెట్టినాయన నన్నడిగింది 150 రూపాయలు. ఇంజను విప్పాల్సిందే అన్నాయన అడిగింది 38,000.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. నాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్. 2025 సంక్రాంతికి, భోగికి రెండ్రోజుల ముందు శనివారం, హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మా నాన్నా. ఆ రోజు ఆ రోడ్డు మీద ఉన్నవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు ముందు సగం హైదరాబాదు నిలబడి ఉంది. ఫాస్టాగ్ ఉన్నా క్యూ క్యూనే. అరగంట పాటు రెండడుగులు కదలడం, ఆగడం. ముందు ఏసీలోంచి వేడి గాలి మొదలైంది. జనవరే కదా అని అద్దాలు దించుకున్నాం. అయిదు నిమిషాల్లో మీటరులో ముల్లు మధ్యనించి లేచి ఎర్ర గీత మీదకెళ్ళి కూచుంది. ఎలాగో పక్కకి తీసి ఇంజను ఆపేశాను.

బానెట్ ఎత్తేసరికి సుయ్యిమని ఆవిరి. మా నాన్న అప్పటికే భుజమ్మీద తువ్వాలు తీసి మడత పెట్టేశారు. "నీళ్ళ సీసా ఇటివ్వరా, మా ఆఫీసు జీపుకి ఎన్నిసార్లు పొయ్యలేదు" అంటూ రేడియేటర్ మూత మీద చెయ్యి వేశారు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. కొంచెం గట్టిగానే లాగినట్టున్నాను, సూర్యాపేట దాకా మాట్లాడలేదు నాతో.

ఈ మూత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో ప్రాణం మీదకొచ్చే ఘట్టం ఇదొక్కటే. మిగతావన్నీ డబ్బు నష్టాలు. రేడియేటర్ మూత కేవలం మూత కాదు, అదొక స్ప్రింగు వాల్వు. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిదే. లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి అదనంగా నిలబెడుతుంది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంటు మామూలు గాలిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ మూత బిగించి ఉంటే ఇంచుమించు 130 దాకా మరక్కుండా ఆగుతుంది. అంటే 115 డిగ్రీల్లో ఉన్న ద్రవం లోపల బుద్ధిగా ఉంది, మీరు మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి అంతా ఒక్కసారి మరిగి మొహం మీదకొస్తుంది. తువ్వాలు దాన్ని ఆపదు. వెయిట్ పడకుండా కుక్కర్ మూత లాగకూడదని మా అమ్మకి తెలుసు, బానెట్ కింద కూడా కుక్కరే ఉందని మా నాన్నకి తెలీదు. పాత జీపుల్లో ఒత్తిడి తక్కువ, అప్పటి అలవాటు ఇప్పటి బండికి పనికిరాదు. కనీసం ముప్పావు గంట ఆగాలి. పై గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడు ముట్టుకోవాలి మూతని. ఇంజను భగభగలాడుతున్నప్పుడు చల్లటి నీళ్ళు పోస్తే అల్యూమినియం హెడ్డు వంకర పోయే ప్రమాదం ఒకటి వేరే.

చల్లారాక లీటరున్నర నీళ్ళు పట్టాయి. అక్కణ్ణించి విజయవాడ దాకా దాదాపు 200 కిలోమీటర్లు ఎనభైలో, తొంభైలో లాగించాను. ముల్లు మధ్యలోంచి వెంట్రుకంత కూడా కదల్లేదు.

ఈ ఒక్క వాక్యంలో మొత్తం సమాధానం ఉంది. నాకు అప్పుడు కనపడలేదు. తర్వాత చూసిన ముగ్గురికీ నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

మా ఊళ్ళో పండగ మర్నాడు షెడ్డు తీసి ఉన్న ఒకే ఒక మెకానిక్కు, బానెట్ ఎత్తకముందే "థర్మోస్టాట్ స్ట్రక్కయ్యింటుందండీ" అన్నాడు. రెండు గంటల్లో మార్చేశాడు. థర్మోస్టాట్ 1,450, కూలెంటు 600, లేబరు 500. పదహారో తారీకు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరి ఖాళీ రోడ్డు మీద హైదరాబాదు వచ్చేశాం. వేడెక్కలేదు. నేను ఆఫీసులో నలుగురికి ఆ మెకానిక్కు గురించి గొప్పగా చెప్పాను కూడా. సమస్య వచ్చే పరిస్థితే రాకపోతే సమస్య తీరిపోయినట్టు కనిపిస్తుందని, బగ్గులు చూసి బతికే నాకు తట్టలేదు చూడండి.

పది రోజులకి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ అదే సీను.

ఈసారి మా కాలనీ మెకానిక్కు. మంచివాడే, పంక్చర్లు, బ్రేకులు బాగా చేస్తాడు. పొద్దున్నే బండి స్టార్టు చేయించి వెనక సైలెన్సర్లోంచి వస్తున్న తెల్ల పొగ చూపించాడు. "చూడుండ్రి సార్, తెల్ల పొగ. నీళ్ళు తగ్గుతున్నయి అంటున్నరు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ ఇప్పాలె. హెడ్డు లేతుకి పంపి ఫేసింగ్ చేపియ్యాలె. అంత కలిపి ముప్పై ఎనిమిది అయితది, వారం పడ్తది."

నాకు చెమటలు పట్టాయి. బండి విలువే రెండు లక్షలు లేదు. సరే అనేశాను కూడా. ఆయన దగ్గర అప్పటికే రెండు బళ్ళు విప్పి ఉన్నాయి కాబట్టి "సోమవారం తీస్కరాండ్రి" అన్నాడు గానీ, లేకపోతే ఆ రోజే నా ఇంజను ముక్కలయ్యేది.

హెడ్ గ్యాస్కెట్ పోవడం నిజంగా ఉంటుంది, అది అబద్ధపు జబ్బు కాదు. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే ఆ పల్చటి పొర చిరిగితే, సిలిండరు లోపలి వాయువు కూలెంటులోకి, కూలెంటు సిలిండరులోకీ నూనెలోకీ దూరిపోతాయి. కానీ దానికి పరీక్షలున్నాయి. ఇంజను ఆయిలు మూత కింద మీగడలాంటి తెట్టు ఉందా? బండి నడుస్తుంటే కూలెంటు డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? రేడియేటర్ నోటి దగ్గర ఒక గొట్టంలో నీలం రంగు ద్రవం పెట్టి అక్కడి గాలిని దాని గుండా పీలిస్తే, సిలిండరులో కాలిన వాయువు ఉంటే అది పసుపు రంగుకి తిరుగుతుంది. పదిహేను నిమిషాల పని. ఇవేవీ జరగలేదు. తెల్ల పొగంటారా, జనవరి పొద్దున్న ఏ పెట్రోలు బండి స్టార్టు చేసినా ఓ అయిదు నిమిషాలు వస్తుంది. పెట్రోలు కాలితే పుట్టే నీటి ఆవిరి అది. పక్కింటి వాళ్ళ కొత్త కారుకీ వస్తోంది, నేను వెళ్ళి మరీ చూశాను. ఇక నీళ్ళు తగ్గడం.. వేడెక్కి ఒత్తిడి పెరిగితే మూతలోని వాల్వు తెరుచుకుని కూలెంటు బయటికి పోతుంది. అంటే నీళ్ళు తగ్గడం వల్ల వేడెక్కట్లేదు, వేడెక్కడం వల్ల నీళ్ళు తగ్గుతున్నాయి. లాగ్ ఫైల్లో రెండు ఎర్రర్లు పక్కపక్కనే ఉంటే ఏది ముందొచ్చిందో టైమ్ స్టాంపు చూస్తాం కదా, అదే సంగతి.

ఇవన్నీ ఆ వారాంతంలో కూర్చుని చదువుకుని, సోమవారం కాలనీ ఆయన్ని తప్పించుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ మీరు మెకానిక్కుతో మాట్లాడరు. ట్యాబ్ పట్టుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్న సర్వీస్ అడ్వైజర్ గారితో మాట్లాడతారు. ఆయన మీరు చెప్పినదంతా "హీటింగ్ ప్రాబ్లం" అనే రెండు మాటల్లోకి కుదించి లోపలికి పంపిస్తారు. మన ఎల్-వన్ సపోర్టు టికెట్టు ఎలా రాస్తుందో అచ్చం అలాగే. సాయంత్రానికి ఫోనొచ్చింది. "కంప్యూటర్ పెట్టి చూశాం సార్, ఎర్రర్ కోడ్ ఏమీ లేదు. రేడియేటర్ అసెంబ్లీ, వాటర్ పంప్, హోసులు మార్చేస్తే సేఫ్. ఇరవై ఏడు వేల దాకా అవుతుంది."

"ఎర్రర్ లేదంటున్నారు, మరి రేడియేటరే పోయిందని ఎలా తెలిసింది?" అన్నాను.

"బండి పాతది కద సార్" అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ చార్జీ 900 కట్టి బండి తెచ్చుకున్నాను. ఆ పాటికి నాకు కోపం పోయి పట్టుదల వచ్చింది.

ఇంజను చల్లబడే పద్ధతి మనం రోజూ గీసే ఆర్కిటెక్చర్ బొమ్మల కన్నా చాలా చిన్నది. కాలిన పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా కూలెంటులోకి వస్తుంది. పంపు దాన్ని తిప్పుతుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది, 82 నుంచి 90 డిగ్రీల మధ్య ఎక్కడో తెరుచుకుని రేడియేటరుకి దారిస్తుంది. రేడియేటర్ లోంచి గాలి పోవాలి. బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే వస్తుంది. బండి నిలబడి ఉంటే ఫ్యాను తిరగాలి. అంతే, ఇంక కథ లేదు.

ఇప్పుడు ఆ పంతంగి వాక్యం మళ్ళీ చదవండి. నిలబడితే వేడెక్కింది, పరిగెడితే చల్లబడింది. పంపు పోయినా, రేడియేటర్ లోపల ఉప్పు పట్టి పూడుకుపోయినా, థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయినా, తొంభైలో వెళ్ళేటప్పుడు ఇంకా ఎక్కువ వేడెక్కాలి, ఎందుకంటే అప్పుడు ఇంజను ఎక్కువ పని చేస్తోంది. పరిగెత్తేటప్పుడు బాగుండి, ఆగినప్పుడు మాత్రమే పోతోందంటే ముందు చూడాల్సింది ఫ్యాను. ఇంకోటి కూడా ఉంది, ఇది తల్చుకుంటే నా మీద నాకే నవ్వొస్తుంది. 2024 దసరా అయ్యాక నా ఏసీ సిగ్నళ్ళ దగ్గర చల్లబడట్లేదని ఏసీ మెకానిక్కు గ్యాసు నింపి 1,800 తీసుకున్నాడు. ఏసీ కండెన్సరు రేడియేటరుకి ముందే ఉంటుంది, నా బండిలో రెండింటికీ అదే ఒక్క ఫ్యాను. మూడు నెలల ముందే బండి నాకు చెప్పింది. రెండు వేర్వేరు ఫిర్యాదులుగా విని రెండు వేర్వేరు దుకాణాలకి వెళ్ళాను.

మరి మెకానిక్కులెవరూ ఫ్యాను చూడలేదా అంటే, చూశారు. కాలనీ ఆయన చూశాడు, సర్వీస్ సెంటర్లోనూ చూశారు. "ఫ్యాను తిరుగుతుంది సార్" అన్నారు. అబద్ధం కాదు, వాళ్ళు చూసినప్పుడు తిరిగింది. మన దగ్గరా అంతే కదా, "మా మెషీన్లో పనిచేస్తోంది".

850 పెట్టి ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నాను. స్టీరింగు కింద ఉండే సాకెట్లో పెడితే ఫోన్లో ఇంజను కబుర్లన్నీ కనిపిస్తాయి. ఇది మన జాతికి బాగా నచ్చే వస్తువు. 05 అని అడిగితే ఇంజను ఒక్క బైటు తిరిగి పంపుతుంది, దాన్లోంచి 40 తీసేస్తే కూలెంటు ఉష్ణోగ్రత. మైనస్ 40 నుంచి 215 దాకా. మీటరు ముల్లుని నమ్మకండి, చాలా బళ్ళలో ఆ ముల్లు అటూ ఇటూ ఊగితే జనం కంగారు పడతారని కావాలనే మధ్యలో కట్టేసి ఉంచుతారు. అది కదిలిందంటే ఆలస్యం అయిపోయినట్టే. కొత్త చిన్న కార్లలో చాలావాటికి ఆ ముల్లు కూడా లేదు, ఎర్ర దీపం ఒకటి పెట్టి ఊరుకున్నారు. పైగా కూలెంటు బాగా తగ్గిపోయి సెన్సరు గాల్లో వేలాడుతుంటే ఏ లెక్కా నమ్మడానికి లేదు. అంచేత పరీక్షకి ముందు డబ్బాలో, రేడియేటర్లో నిండుగా ఉందని చూసుకోవాలి, చల్లగా ఉన్నప్పుడే.

ఫిబ్రవరి 9, ఆదివారం. సెల్లార్లో పెట్టి ఇంజను నడపకూడదు, కార్బన్ మోనాక్సైడుతో మనమే పోతాం. అందుకని వీధిలో పెట్టి ఏసీ ఆపేసి ఐడిలింగులో వదిలాను. వేడెక్కడానికే ఇరవై నిమిషాల పైన పట్టింది (ఇది గుర్తు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు). 98కి ఫ్యాను వచ్చింది, 93కి ఆగింది. మళ్ళీ 98, మళ్ళీ వచ్చింది. కాలనీ ఆయన చూసింది ఇదే. మూడోసారి 98.. 100.. 103. ఫ్యాను లేదు. 106 దగ్గర కీ తీసేశాను. గుండె దడదడలాడుతున్నా, అబద్ధమెందుకు, ప్రొడక్షన్ బగ్గు మొదటిసారి నా లాప్‌టాప్‌లో రిప్రొడ్యూస్ అయినప్పటి ఆనందమే అది.

రిలే అనుకున్నాను. 180 పెట్టి కొత్తది తెచ్చి వేశాను. అదే కథ. ఫ్యూజు బాగానే ఉంది. అక్కడితో నా పాండిత్యం అయిపోయింది.

కూకట్‌పల్లి వైపు రోడ్డు పక్కన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉంటాడని మా ఆఫీసు క్యాబ్ డ్రైవరన్న చెప్పాడు. యాభై ఏళ్ళ మనిషి, షెడ్డు కూడా లేదు, చెట్టు కింద ఒక బల్ల. అయిదుగురిలో ఈయనొక్కడే బానెట్ ఎత్తకుండా నన్ను ప్రశ్న అడిగాడు. "ఆగినప్పుడు ఎక్కుతదా, పోతుంటే ఎక్కుతదా?"

కౌగిలించుకోబుద్ధేసింది.

ఇంజను నడుస్తుండనిచ్చి బీడీ కాల్చుకుంటూ కూచున్నాడు, తొందరేం లేదు. ఫ్యాను రావాల్సిన టైముకి రాలేదు. మల్టీమీటరు పెట్టి ఫ్యాను కనెక్టరు దగ్గర చూశాడు, 13 వోల్టుల పైన వస్తోంది. కరెంటు వస్తోంది, మోటారు తిరగట్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు వెనక టక్కుమని ఒక దెబ్బ కొట్టాడు. గిర్రున తిరిగింది. "బ్రష్షులు అరిగినయి సార్. సల్లగున్నప్పుడు అంటుకుంటయి, ఎచ్చగైతె వదిలేస్తయి." మొత్తం ముప్పావు గంట, అందులో అరగంట ఊరికే కూచోడమే.

మోటారు కొత్తది నన్నే కొనుక్కురమ్మన్నాడు, 2,600. బిగించినందుకు 300. అప్పటికి ఆయన చెట్టు కింద ఆ ముప్పావు గంటకి ఎంతిమ్మంటావన్నా అంటే, కొంచెం మొహమాటపడి "నూటయాభై ఇయ్యిండ్రి" అన్నాడు.

నేను 500 ఇచ్చాను. ఇచ్చి, ఎందుకంత తక్కువ అడిగావన్నాను. ఆయన నవ్వి, "చూస్తే ఎవరిస్తరు సార్? పార్టు ఏస్తెనే పైసలు" అన్నాడు.

ఇదిగో, నేను రాయదల్చుకున్నది ఇది. మెకానిక్కులు దొంగలని మనం ఆఫీసు కాంటీన్లో తెగ చెప్పుకుంటాం. దొంగలు ఉన్నారు, ఒకడి సంగతి కింద చెప్తాను. కానీ నాకు తగిలిన వాళ్ళలో ఎక్కువమంది దొంగలు కారు, లెక్క తెలిసినవాళ్ళు. కాలనీ ఆయన గంట సేపు నా బండి ముందు కూచుని "ఫ్యాను మోటారు సార్" అని చెప్తే నేను ఎంత ఇచ్చేవాణ్ణి? వంద. అదీ "ఏం చేశాడని" అనుకుంటూ. అదే హెడ్డు దించితే ఆయనకి లేబరే పది పన్నెండు వేలు, స్పేర్ల మీద కమిషను వేరే. ఆలోచించడానికి సున్నా, విప్పడానికి వేలు అని మనమే రేటు కట్టి పెట్టి, ఆలోచించకుండా విప్పుతున్నాడేంటని ఏడిస్తే ఎలా?

మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం. మా ప్రాజెక్టులో ఒక సర్వీసు రాత్రి మూడింటికి మెమరీ నిండి పడిపోయేది. నాలుగు నెలల పాటు నేనే దాన్ని రీస్టార్టు చేసి "రీస్టార్టెడ్, మానిటరింగ్" అని రాసి టికెట్టు మూసేశాను. కారణం వెతకడానికి రెండ్రోజులు కావాలని అడిగితే "స్టోరీ పాయింట్లు ఎందులో వేద్దాం?" అన్నారు. ఎందులోనూ పడలేదు. నేనూ ఊరుకున్నాను. కాలనీ మెకానిక్కుకీ నాకూ తేడా ఏసీ గది ఒక్కటే.

అందుకని ఇప్పుడు నేను పద్ధతి మార్చాను. ఏ షెడ్డుకి వెళ్ళినా ముందే చెప్తాను: "చూసినందుకు 500 ఇస్తాను. ఏం పోయిందో, ఎలా తెలిసిందో నాకు చూపించాలి. పార్టు మార్చడం తర్వాత మాట." ఫలితం అన్నిచోట్లా బాగుందని చెప్పను. ఒకాయన నన్ను అనుమానంగా చూసి "మీరు ఏ కంపెనీ సార్?" అన్నాడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాననుకున్నాడు పాపం. ఇంకోడు 500 తీసుకుని అయిదు నిమిషాలు అటూ ఇటూ చూసి "వాటర్ పంపు సార్" అన్నాడు. ఎలా తెలిసింది అంటే నీళ్ళు నమిలాడు. మా టీమ్ మేటు ఒకడి వాదన ఏంటంటే, నువ్విలా ఫీజు అలవాటు చేస్తే వాళ్ళు ఫీజూ తీసుకుంటారు, అక్కర్లేని పార్టూ మారుస్తారు, సర్వీస్ సెంటర్ 900 తీసుకుని చేసింది అదే కదా అని. నిజమే, సర్వీస్ సెంటర్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. కానీ అక్కడ ఆ 900 చూసినవాడి జేబులోకి వెళ్ళలేదు. చెట్టు కింద 500 వెళ్ళింది. తేడా అక్కడుందని నా అనుమానం.

మన వైపు నుంచి ఇంకో పాపం, జబ్బు చెప్పకుండా మందు చెప్పడం. యూట్యూబ్ చూసి వెళ్ళి "థర్మోస్టాట్ మార్చు" అంటాం. వాడు మారుస్తాడు. తప్పెవడిది? ఎప్పుడు ఎక్కింది, ఎంత సేపటికి, ఏసీ వేసి ఉందా, నీళ్ళు ఎంత పట్టాయి, తర్వాత రోడ్డు మీద ఎలా ఉంది.. ఇవి చెప్పాలి. బగ్ రిపోర్టులో స్టెప్స్ లేవని టెస్టింగ్ వాళ్ళ మీద ఎగిరిపడే మనకి ఇది ఒకరు చెప్పాలా.

ఇక దొంగ సంగతి. ఫ్యాను మార్చాక ఓ రోజు సరదాగా డాంగిల్ పెట్టుకుని ఔటర్ రింగు రోడ్డు ఎక్కాను. వందలో వెళ్తుంటే 66 డిగ్రీలు చూపిస్తోంది. 85 దాటి ఉండాలి. అప్పుడు గుర్తొచ్చింది ఆదివారం ఇంజను వేడెక్కడానికి పట్టిన ఇరవై నిమిషాలు. చెట్టు కింద అన్న దగ్గరికే తీసుకెళ్ళి థర్మోస్టాట్ గిన్నె విప్పించాను. ఖాళీ. లోపల ఏమీ లేదు. 1,450 పెట్టి నేను కొన్నది గాలి.

మా ఊరికి ఫోన్ చేశాను. "మన ఎండలకి అది అక్కర్లేదండీ, ఉంటే ఎప్పటికైనా స్ట్రక్కవుద్ది, ఎందుకైనా మంచిదని తీసేశా" అన్నాడు. ఈ మాట మన దగ్గర చాలా షెడ్లలో వినిపిస్తుంది. తప్పు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఇంజను త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే అది లేకపోతే పక్కదారి మూసుకోక కొంత కూలెంటు రేడియేటరుకి వెళ్ళకుండానే తిరిగొస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది. సరే, అది తెలియకపోవడం అనుకుందాం. "మరి బిల్లులో కొత్త థర్మోస్టాట్ 1,450 అని ఎలా రాశావు?" అన్నాను.

సిగ్నల్ పోయింది. మళ్ళీ రాలేదు :)

కొత్త థర్మోస్టాట్, కూలెంటు కలిపి 1,700. బోరు నీళ్ళు మాత్రం పొయ్యనివ్వలేదు. హైదరాబాదు బోరు నీళ్ళకి బక్కెట్టుకే తెల్ల మడ్డి కడుతుంది, రేడియేటర్ సన్న గొట్టాల్ని వదుల్తుందా. ఇప్పుడు ఔటర్ మీద 88, ట్రాఫిక్కులో 98కి ఫ్యాను వస్తుంది, 93కి ఆగుతుంది. ఏసీ సిగ్నల్ దగ్గర కూడా చల్లగా ఉంది. 2025 మే నెలలో మళ్ళీ విజయవాడ వెళ్ళినప్పుడు డాంగిలు ఫోను మా నాన్న చేతిలో పెట్టాను. పంతంగి దగ్గర ఆయన క్రికెట్ స్కోరు చదివినట్టు చదివారు: తొంభై ఆరు, తొంభై ఏడు, ఆ వచ్చిందిరా ఫ్యాను.

ఒకవేళ మీకు దారిలో ముల్లు లేస్తే, ఆపే చోటు దొరికేదాకా ఏసీ కట్టేసి హీటరు ఫుల్లులో పెట్టండి. హీటరంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటరే, కొంత వేడి లాగేస్తుంది. మీకు ఉడుకుతుంది, ఇంజను బతుకుతుంది. ఎర్ర దీపం వెలిగాక మాత్రం "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని లాగించకండి. లేని గ్యాస్కెట్ జబ్బు అలాగే నిజంగా వస్తుంది.

కాలనీ మెకానిక్కు దగ్గర ఇప్పటికీ పంక్చర్లు వేయించుకుంటాను. ఫ్యాను మోటారు సంగతి రెండుసార్లు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, తలూపాడు. వెళ్ళినప్పుడల్లా బానెట్ వైపు జాలిగా చూసి అడుగుతుంటాడు, "మరి హెడ్డు ఎప్పుడు దించుదాం సార్?"